రెండోవాడి చేతులు

మా అమ్మాయికి ఎదుటివాళ్ళ తప్పులు పట్టే విద్య పాలు తాగే వయసులోనే అబ్బిందని నా అనుమానం. అప్పటికి మాటలు రాకపోవడం వల్ల బయటపడలేదు గానీ, ఒళ్ళో పడుకుని నా వంక చూసే చూపు మాత్రం ‘బిడ్డను పట్టుకోవడం ఇలాగేనా?’ అన్నట్టే ఉండేది. మాటలు వచ్చాక ఇక అడ్డేముంది? ఎదురింటావిడ తన కాలు విరిగిన కథ చెబుతూ ఉంటే, “పోయినసారి మెట్ల మీద పడ్డానన్నారు, ఇప్పుడు బాత్రూమంటున్నారు, ఏది నిజం?” అని నిలదీసింది. ఆవిడ మా ఇంటికి రావడం తగ్గించింది. నేను కుట్టిన గౌను తొడుక్కునే ముందు తిరగేసి లోపలి కుట్లు చూసేది. నా కడుపున పుట్టి నా కుట్లనే!

నేను బట్టలు కుడతాను. మా ఇంటి ముందుగదే నా దుకాణం. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె, గది మధ్యలో కత్తిరింపుల బల్ల, దాని మీద మందపాటి అద్దం. మా ఆయన బస్సు నడిపి రిటైరయ్యారు. ఇన్నేళ్ళు రోడ్డు మీద తిట్లు తిని తిని, ఇంట్లో ఎవరు గొంతు పెంచినా పక్కకు తప్పుకుని దారివ్వడం ఆయనకు అలవాటైపోయింది. ఆ ఇంట్లో మా అమ్మాయి పెరిగింది, చదివింది, డాక్టరు కూడా అయింది. డాక్టరంటే మళ్ళీ మందులిచ్చే డాక్టరనుకునేరు. నత్తల మీద పరిశోధన చేసింది. వాటికైనా వైద్యం చేస్తుందా అంటే అదీ లేదు. ఊరికే చూస్తుంది.

ఆ చూడడంలో ఒక ప్రశ్న ఉంది. నత్త మేతకు వెళ్ళి మళ్ళీ తన చోటుకే తిరిగొస్తుంది. కళ్ళు సరిగా కనిపించవు, చెవులు లేవు, మరి ఎలా వస్తుంది? వెళ్ళేటప్పుడు తను వదిలిన జిగురు జాడను గుర్తుపట్టి, ఆ జాడలోనే వెనక్కి వస్తుందని మా అమ్మాయి వాదన. తన జాడ ఏదో పరాయిదాని జాడ ఏదో నత్తకు తెలుసునని ఇంకాస్త ముందుకెళ్ళింది. వినడానికి బాగానే ఉంది. మా ఆయనకైతే ఇన్నేళ్ళ సర్వీసులో డిపోకు దారి ఒక్కసారైనా తప్పకుండా గుర్తుండిందా అని నాకు అనుమానమే.

ఆ చదువుకునే రోజుల్లో జరిగిన సంగతి ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఎవరైనా ఒక పరిశోధన వ్యాసం రాసి జర్నల్‌కు పంపితే, దాన్ని అచ్చు వేసేముందు ఆ జర్నల్ ఎడిటర్ మరో ఇద్దరు చదువుకున్నవాళ్ళకు పంపి, ఎలా ఉందో చెప్పమంటారు. వాళ్ళను రివ్యూయర్లంటారు. రాసిందెవరో చదివేవాళ్ళకు చెప్పరు, చదివిందెవరో రాసినవాళ్ళకు చెప్పరు. ఇంత పకడ్బందీగా గుట్టు దాచడం పెళ్ళి సంబంధాల్లో కూడా నేను చూడలేదు. అలాంటి వ్యాసాలు మా అమ్మాయి గైడుగారికి వస్తుండేవి. ఆయన మంచి మనిషే. కానీ ఎప్పుడు చూసినా మూడు కమిటీల్లో ఉంటారు. వ్యాసం రాగానే ఫోన్ చేసేవారు.

“ఏమ్మా, ఒకటొచ్చింది. నాకు ఊపిరాడట్లేదు. నువ్వు చూసి నాలుగు ముక్కలు రాసి పెట్టు.”

రాసేది మా అమ్మాయి, వెళ్ళేది ఆయన పేరుతో. ఇది తప్పా అంటే తప్పేనట, అందరూ చేస్తారా అంటే చేస్తారట. మా అమ్మాయికి మాత్రం అది పండగ. తప్పులు పట్టమని అడిగి మరీ పని అప్పజెప్పారాయె! నా కత్తిరింపుల బల్ల దగ్గరే ఓ మూల కూర్చుని, రాసిందల్లా నాకు తెలుగులో చదివి వినిపించేది. ఒకసారి చేపల మీద ఎవరో రాసిన వ్యాసం వచ్చింది. దానికి ఇలా మొదలుపెట్టింది: “ఈ వ్యాసాన్ని ఓపికగా రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాక, మొదటిసారే నయమనిపించింది.”

నా నోట్లో గుండుసూదులున్నాయి. నవ్వు ఆపుకోలేక అన్నీ బల్ల మీదికి ఊసేశాను.

“పాపం, ఎవరు కన్న బిడ్డో” అన్నాను. అన్నానే గానీ, మర్నాడు కూడా తల్చుకుని నవ్వుకున్నాను.

చదువైంది. వేరే కాలేజీలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది, అదీ గైడుగారు ఇచ్చిన సిఫారసు మీదే. చేరిన రోజునే అక్కడి పెద్దాయన చెప్పేశాడట, ఏడాది చివరికల్లా మంచి జర్నల్‌లో ఒక వ్యాసం రావాలి, అది కూడా తన ఒక్కదాని పేరుతో, గైడు పేరు పక్కన ఉండకూడదు, లేదంటే ఆ కుర్చీ ఇంకొకళ్ళకు ఇచ్చేస్తామని. అక్కణ్ణించి మా ఇంట్లో అన్నం దగ్గరా అదే మాట, ఇస్త్రీ దగ్గరా అదే మాట. నత్తల వ్యాసం రాసింది, దిద్దింది, మళ్ళీ రాసింది, పంపింది. పంపాక నెలలు గడిచాయి. నత్తల మీద రాసినదాన్ని నత్తలే చదువుతున్నాయేమో అని మా ఆయన అన్నారు.

“ఇంతకీ అచ్చేస్తే నీకేమిస్తారు?” అని అడిగాను ఓ రోజు.

“ఏమీ ఇవ్వరమ్మా.”

“మరి చదివి దిద్దేవాళ్ళకు?”

“వాళ్ళకూ ఏమీ ఇవ్వరు.”

“మరి జర్నల్‌ను ఊరికే పంచిపెడతారా?”

“లేదు, అమ్ముతారు.”

ఇన్నేళ్ళుగా బట్ట నేనే తెచ్చి, కుట్టి, కూలి అడగని దుకాణం పెట్టమని నాకు ఎవరూ సలహా ఇవ్వలేదు.

చివరికి జవాబు వచ్చింది. మొదటి రివ్యూయరు చక్కగా ఉంది, అక్కడక్కడ సర్దితే చాలునన్నాడు. రెండోవాడు ఏమన్నాడో మాకు తెలియలేదు. మా అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరిదిద్ది మళ్ళీ పంపడానికి ఎడిటర్ ఒక అవకాశం ఇచ్చారని, రెండోవాడిని ఒప్పించకపోతే అంతే సంగతులని మాత్రం చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డను ఏడిపించినవాడు ఎదురుగా ఉంటే కత్తెరతో మాట్లాడేదాన్ని. కనపడడాయె, పేరు కూడా తెలియదాయె. ఇక మిగిలింది శాపనార్థాలే. పొద్దున్నే మిషన్ తొక్కడం మొదలుపెడుతూ, “ఆ రెండోవాడి చేతులు పడిపోను” అనుకునేదాన్ని. బోణీ అయితే ఇంకోసారి.

“వాడో, ఆవిడో? మనకు తెలీదు కదా” అన్నారు మా ఆయన.

“ఇంత పాడుబుద్ధి ఆడదానికి ఉండదు” అన్నాను.

ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చారు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయికి కుడి మణికట్టు నొప్పి పట్టుకుంది. రాతపని ఎక్కువై నరం వాచిందన్నాడు డాక్టరు, నిజం డాక్టరు. సాయంత్రాలు దాని చేతికి వేడినీళ్ళ కాపడం పెడుతూ కూడా నేను రెండోవాడి చేతులను మర్చిపోలేదు. ఒక చెయ్యి బాగుపడాలని, ఇంకో రెండు పడిపోవాలని, ఒకే గుడ్డతో రెండు పనులూ చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు గట్టిగా పట్టుబట్టాను. “అసలేం రాశాడే వాడు? చదువు. నేనూ వింటాను.”

విసుక్కుంటూ తెచ్చి, తెలుగు చేస్తూ చదివింది. “ఈ వ్యాసాన్ని ఓపికగా రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాక...”

“మొదటిసారే నయమనిపించింది” అన్నాను.

తను తలెత్తింది. “నీకెలా తెలుసు?”

“ఇక్కడే విన్నానే! నా నోట్లో గుండుసూదులున్నాయి. చేపలెవరివో వచ్చాయి అప్పుడు.”

తను నా వంక చూసింది, కాగితం వంక చూసింది. “ఇందులో కూడా చేపలున్నాయమ్మా” అంది నెమ్మదిగా. “ఈ పరిశోధనలో చేపల సంఖ్య చాలదని ఉంది. నత్తలనబోయి ఏదో ధ్యాసలో రాశాడనుకున్నాను.”

లోపలికి పరిగెత్తి పాత కంప్యూటరు తెచ్చింది. అది నిద్ర లేచేవరకు ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఉంది. తను చదువుకునే రోజుల్లో గైడుగారి కోసం రాసిచ్చిందే. ఆయన దాన్ని భద్రంగా దాచుకున్నారు. ఇప్పుడు ఎవరిదో పేరులేని వ్యాసం రాగానే, ఊపిరాడక, పాతదాని మీద వ్యాసం పేరు మార్చి పంపేశారు. చేపల్ని మార్చడానికి మాత్రం టైము చాలలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేమైతే ఆ దొంగకు రోజూ కాపడం పెడుతున్నాం.

“రాసింది నువ్వు, నీకు గుర్తులేదూ?”

“ఇలాంటివి ఎన్ని రాశానో! ఎక్కడో చదివినట్టుందని మొదటి రోజునుంచీ అనిపిస్తోంది. నిజం చెప్పనా? తిట్టాడు గానీ, బాగా రాశాడే అనుకున్నానమ్మా” అంది.

నేను వినలేదు. నా చూపు దాని మణికట్టు మీద ఉంది. నెల రోజుల శాపాలు, పొద్దునొకటి, బోణీకొకటి! గబగబా లేచి, ఎవరు వింటారో తెలియదు గానీ పైకప్పు వైపు చూస్తూ, “అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, అన్నీ” అన్నాను గట్టిగా. అప్పుడే జిప్పు వేయించుకోడానికి వచ్చిన ఒకావిడ, కుట్టి ఇచ్చిన బట్టలు వెనక్కి తీసుకుంటున్నామనుకుని కంగారుపడింది.

గైడుగారికి ఫోన్ చేసి కడిగెయ్యమని నేనన్నాను. తనూ ఫోన్ తీసింది. తీసి, అలాగే చేతిలో పట్టుకుని ఆ కాగితంలోని ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. “ఒక చేపను తీసి ఇంకో చేపను వదిలే ముందు తొట్టి కడిగారా? ఎక్కడా రాయలేదే?”

“మనకు చేపలూ లేవు, తొట్టీ లేదు. అదే రాసి వాళ్ళ మొహాన కొట్టు” అన్నాను.

“గాజు పలక ఉందమ్మా. ఒక నత్తను నడిపించి, తీసేసి, దాని మీదే ఇంకో నత్తను వదిలాను. మధ్యలో పొడిగుడ్డతో తుడిచాను, అంతే. కడగలేదు. ముందు నత్త జాడ దాని మీదే ఉండిపోయి ఉంటుంది. అప్పుడు అది తన జాడలో వచ్చిందో, పక్కదాని జాడలో వచ్చిందో నాకెలా తెలుస్తుంది? నేను రాసిందంతా తప్పు కావచ్చు.”

“ఆయన చదవనే లేదు. మొదటివాడు బాగుందన్నాడు. ఇక పట్టించుకునేదెవరు?”

“అడిగింది నేనే కదా. వేరేవాళ్ళయితే ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని.”

అక్కడితో నా దుకాణం పని అయిపోయింది. కాలేజీ ల్యాబు పైకప్పు కారుతోందని మరమ్మతుకు మూసేశారట. నత్తలన్నీ డబ్బాల్లో మా ఇంటికి వచ్చాయి. ఏది ఏదో తెలియడానికి వాటి చిప్పల మీద నా గోళ్ళరంగుతో చుక్కలు పెట్టింది. మధ్యాహ్నాలు కిటికీలు మూసి, గది తడిగా చేసి, నా బల్లమీది అద్దం మీద వాటిని నడిపించింది. ప్రతి నత్తకూ ముందు అద్దం సబ్బుతో కడగాలి. మణికట్టు నొప్పి కాబట్టి ఆ కడుగుడు నాది, నీళ్ళు మోసేది మా ఆయన. నా బిడ్డ ఎక్కడ కడగలేదంటుందో అని, జీవితంలో ఏ గిన్నెనూ తోమనంతగా తోమాను. అయినా తను ఒంగి, వెలుతురులో వాలుగా చూసి, “ఆ మూల ఇంకోసారి” అనేది. లోపలి కుట్లు చూసిన కళ్ళే కదా!

ఒకటి తప్పించుకుని, ఎవరో పెద్దమనిషి కుట్టించుకున్న నల్లకోటు ఎక్కింది. వెనకంతా వెండి గీత. ఆయన వచ్చి తొడుక్కుని అద్దంలో తిరిగి చూసుకుని, “ఈ డిజైను నేను చెప్పలేదే” అన్నాడు. మా ఆయన ముందుకొచ్చి తడిగుడ్డతో తుడుస్తూ, “లేదండీ, ట్రయల్ చూస్తున్నాం” అన్నారు. పక్కకు తప్పుకోకుండా ఆయన నిలబడడం అదే మొదటిసారి.

ఫలితం తేలింది. నత్త ఎవరి జాడ దొరికితే వాళ్ళ జాడలో పోతుంది. తనదీ పరాయిదీ అన్న పట్టింపు దానికి లేదు. మా అమ్మాయి మొదట రాసిన గొప్ప మాట సగానికి సగం కరిగిపోయింది. మిగిలిన సగాన్నే మళ్ళీ రాసి, పలక ఎలా కడిగిందీ వివరంగా పెట్టి పంపింది. ఆనవాయితీ ప్రకారం జవాబు ఉత్తరంలో, “రెండో రివ్యూయరుగారి లోతైన ప్రశ్నకు కృతజ్ఞతలు” అని కూడా రాయాలట. రాస్తూ పళ్ళు కొరుక్కుంది.

ఏడాది చివరికి వచ్చింది. కాలేజీ పెద్దాయన రెండుసార్లు అడిగాడు. అప్పుడు మోగింది ఫోను. గైడుగారు.

“ఏమ్మా, బాగున్నావా? పాత బాధే. ఒకటొచ్చింది. సవరించి పంపారు. చేపలో ఏవో. నాకు ఊపిరాడట్లేదు. ఇదొక్కటీ చూసి పెట్టు తల్లీ.”

తను తెరిచి చూసింది. తన వ్యాసమే. నేనూ మా ఆయనా చెరోవైపు చేరాం.

“బ్రహ్మాండం అని రాసెయ్” అన్నారు మా ఆయన. వినయంగా మరో రెండు మాటలు కూడా చేర్చమన్నాను నేను. ఒక్క ముక్క రాస్తే ఉద్యోగం నిలబడుతుంది. పైగా రాసిందీ తనే, అడిగిందీ తనే, కడిగింది నేను. ఇందులో పరాయివాడు ఎవడున్నాడు?

తను మా ఇద్దర్నీ చూసి, ఫోన్ చేసింది.

“సార్, అది నా వ్యాసం.”

“అలాగా! మరీ మంచిది. నీకంటే శ్రద్ధగా ఎవరు చదువుతారు?”

“సార్!”

“అబ్బే, ఊరికే అన్నాలే.”

“మొదటిసారి మీరు పంపిన రివ్యూ కూడా నాదే సార్. పాతది. చేపలది. నావి నత్తలు.”

“చేపలు అలాగే ఉండిపోయాయా?” అన్నారాయన.

“ఉండిపోయాయి సార్.”

“నువ్వేం చేశావు?”

“జవాబు రాశాను. అన్నింటికీ.”

పాపం, మనిషి మంచివాడన్నానుగా. “ఇప్పుడు నీదని తెలిశాక నేను చూడకూడదు. తప్పుకుంటున్నానని, ముందు పంపింది కూడా చదవకుండా పంపానని ఎడిటర్‌కు రాస్తానమ్మా. నీకు ఆలస్యం అవుతుందేమో. క్షమించు” అన్నారు.

ఫోన్ పెట్టాక నాకు నోరు ఆగలేదు. ఇప్పుడు కొత్త రివ్యూయరును వెతకాలి, వాడు చదవాలి, ఆలోగా ఏడాది అయిపోతుంది, కుర్చీ పోతుంది. కొరివితో తల గోక్కున్నావే అని ఎడాపెడా తిట్టాను. తను నత్తల్ని తీసుకెళ్ళి పెరట్లో వదిలేసింది. అది చూసి నాకు దుఃఖం ముంచుకొచ్చింది. చేతులు పడిపోవాలని ఈసారి తిట్టుకోడానికి కూడా ఎవరూ లేరు.

మూడోవారంలో ఉత్తరం వచ్చింది. ఆ రెండో రివ్యూ లెక్కలోకి తీసుకోవడం లేదని, కొత్తవాళ్ళకు పంపకుండా తనే స్వయంగా చదివానని ఎడిటర్ రాశారు. మొదటి రివ్యూయరు కూడా ఒప్పుకున్నాడు కాబట్టి అచ్చు వేస్తున్నామన్నారు. పలక కడిగిన భాగం చాలా జాగ్రత్తగా ఉందని విడిగా మెచ్చుకున్నారు. ఆ ముక్క నేను మూడుసార్లు చదివించుకున్నాను. మా ఆయన బస్సు హారన్ లాగా నోటితో ఒక మోత మోగించారు. రిటైరయ్యాక అదే మొదలు. కుర్చీ నిలబడింది.

తర్వాత కొన్నాళ్ళకు మా అమ్మాయి పేరు మీదే ఒక వ్యాసం వచ్చింది, రివ్యూ చెయ్యమని. ఎవరి తరఫునా కాదు, అచ్చంగా తన పేరుతో. కొత్త చీర కట్టుకున్నంత ముస్తాబుగా నా బల్ల మూలకు వచ్చి కూర్చుంది. పీతల మీద ఎవరో రాశారట. చాలాసేపు చదివింది. తర్వాత ఏదో రాసుకుని కిసుక్కున నవ్వింది. నాకు ఆ నవ్వు తెలుసు.

“చదువు” అన్నాను.

“ఈ వ్యాసంలో పీతలు ముందుకు నడవవు. వ్యాసం కూడా నడవదు.”

బాగుంది. నా నోట్లో గుండుసూదులూ ఉన్నాయి. అయినా వాటిని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాను.

“ఆ రాసినవాళ్ళకూ ఓ అమ్మ ఉంటుందే” అన్నాను. “దాని నోరు కూడా నా నోరులాంటిదే అయితే ఏం చేస్తావు?”

తను నా వంక చూసింది. తర్వాత తన కుడిచేతి వంక చూసుకుంది. ఆ వాక్యం కొట్టేసి, తొట్టి కడిగారా అన్న ప్రశ్న మాత్రం ఉంచింది.